బోర్లించిన ముంత

మదనపల్లె,
జూన్ 9

ప్రియమైన అత్తకు,

వసుధ నమస్కారాలు. ఈ కాలంలో ఉత్తరమేమిటే అని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, కుప్పంలో మీ వీధంతా వింటుంది. వాట్సాప్‌లో రాస్తే నీ మనవరాలు వర్షిత గట్టిగా చదివి వినిపిస్తుంది. నేను అడగబోయేది నీ ఒక్కదానికే. అందుకని నిన్న వాల్మీకిపురం నుంచి బడి ముగించుకుని వస్తూ పోస్టాఫీసులో కవర్లు కొన్నాను. ఒకటి కాదు, పది కొన్నాను. కాబట్టి జవాబు రాయక తప్పదు.

మన ఈతమాకులపల్లెలో మహిళా సంఘం వాళ్లు సొంత భవనం కట్టుకుంటున్నారు. స్థలం ఎక్కడనుకున్నావు? మంగమ్మ అవ్వ కల్లంగడి ఉండిన చోటే. పునాది తవ్వుతుంటే మూడు రాతి బల్లలు బయటపడ్డాయి. వాటి మీద వరసగా గుంటలు తొలిచి ఉన్నాయి, పిడికిలి పట్టేంత గుంటలు, మూడింటికీ కలిపి నలభై. అవి దేనికో ఊళ్లో కుర్రకారుకు ఎవరికీ తెలియదు. మేస్త్రీ వాటిని పగలగొట్టి కంకరలో కలుపుతానంటే సంఘం లీడరు ఉషారాణి అడ్డం నిలబడిందట.

"ఇవి మంగమ్మవ్వ రాళ్లప్పా. సుత్తి దించితే ముందు నా కాలి మీద దించు" అందట.

ఆ ఉషారాణే నాకు పని అప్పజెప్పింది. కార్తీకంలో ప్రారంభోత్సవం. ఆరోజుకు చిన్న పుస్తకం వేయాలి. "గుడి గురించి రాసేవాళ్లు శానామంది ఉండారమ్మా. ఊరు యాడ కూసోని తాగింది, ఎట్ల తాగింది, ఎట్ల మానింది, అది ఎవురూ రాయలేదు. నువ్వు రాయి" అంది. భవనానికి అవ్వ పేరే పెడతారట.

నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. కానీ అవ్వ పోయేనాటికి నేను పలక పట్టే పిల్లను. నాన్నను అడిగితే, అంగడి మూసినప్పుడు తనకు ఏడేళ్లని, ఏమీ గుర్తు లేదని అంటాడు. ఇక తెలిసినదానివి నువ్వే. కల్లంగడి ఎట్లా ఉండేది? ఆ గుంటలు ఎందుకు? రాస్తావు కదూ?

నీ మేనకోడలు,
వసుధ

---

కుప్పం,
జూన్ 21

చిరంజీవి వసుధకు,

అత్త దీవెనలు. నీ ఉత్తరం చేరింది. పోస్టుమ్యాన్ గేటు దగ్గర కేక వేస్తే మా కోడలు ఇందు కరెంటు బిల్లనుకుని పరుగెత్తింది. నేను అంతకంటే ముందు పరుగెత్తాను. ఈ వయసులో నన్ను పరుగెత్తించిన పాపం నీదే.

నువ్వు ఎవరి మాటో విని పొరబడ్డావు. మా అమ్మ నడిపింది కాఫీ హోటలు. ఇడ్లీ, ఉగ్గాని, కాఫీ. అంతకుముందెప్పుడో మా నాయన మునిరత్నం ఈత చెట్లు గీసేవాడు, అది నిజమే. ఆయన చెట్టు మీదనుంచి పడి నడుము విరిగాక ఆ పని పోయింది. గుంటలంటావా, రుబ్బుడు కోసమో ఏమో, నాకు గుర్తు లేదు. పుస్తకంలో రాయడానికి ఊళ్లో ఇంకేమీ లేదా? బడి ఉంది, చెరువు తెగిన ఏడు ఉంది, వేరుశనగ బాగా పండిన రోజులున్నాయి. తాగుబోతుల చరిత్ర రాసి ఎవరికి చూపిస్తావు?

మీ మామ దామోదర్ బాగున్నాడు. రైల్వే నుంచి రిటైరై ఆరేళ్లయినా ఇప్పటికీ రైలు కూత వినబడితే గోడ గడియారం చూసి "పన్నెండు నిమిషాలు లేటు" అంటాడు. మా అబ్బాయి సురేంద్రకు బెంగళూరుకు వెళ్లి రావడంతోనే సరిపోతోంది.

ఉషారాణి అంటే మునెయ్య కూతురే కదా. ఎట్లుంది ఆ పిల్ల? ఎడమ చెవి ఇప్పటికీ వినపడదా?

అత్త,
పార్వతమ్మ

---

మదనపల్లె,
జూలై 14

ప్రియమైన అత్తకు,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను కల్లంగడి గురించి అడిగితే నువ్వు ఉషారాణి చెవి గురించి అడిగావు. ఆమె చెవి మాట నేను రాయనే లేదే!

నీ కాఫీ హోటలు సంగతి పక్కన పెడదాం. మొన్న ఆదివారం దొరస్వామి తాత దగ్గర కూర్చున్నాను. ఎనభై ఆరేళ్లు. కళ్లు ఆనవు కానీ నోరు పదునుగానే ఉంది. భవనం దగ్గరికి నడిపించుకుపోయి రాతి బల్ల మీద చెయ్యి పెట్టించాను. గుంటలు తడిమి తడిమి ఒక గుంట దగ్గర ఆగాడు. "ఇది నాది" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది విని నేను రెండు రోజులు బడిలో పాఠం సరిగా చెప్పలేకపోయాను. నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తాను, ఎందుకంటే నాకు మళ్లీ మళ్లీ చెప్పుకోవాలని ఉంది.

అవ్వ అంగట్లో ఊళ్లోని నలభై ఇళ్లకు నలభై మట్టి ముంతలు ఉండేవట. ఒక్కోదానికి సున్నంతో ఒక గుర్తు. దొరస్వామి తాతది తేలు. ముంతలన్నీ గోడకు ఆనించిన రాతి బల్లల మీద, ఎవరి గుంటలో వాళ్లది. పొద్దున నీళ్లకు పోయే ఆడవాళ్లు అంగడి కిటికీ దగ్గర ఆగేవాళ్లు. ఈరోజు మా ఇంటాయనకు వద్దు అనుకున్న ఆమె చెయ్యి లోపలికి చాపి తన ఇంటి ముంతను బోర్లించి పోయేది. ఎందుకని అవ్వ అడగదు. సాయంత్రం ఆయన వచ్చి తన ముంత బోర్లా ఉండటం చూశాడంటే ఉలవ గుగ్గిళ్లు నాలుగు నోట్లో వేసుకుని ఇంటికి పోవాల్సిందే. బతిమాలినా, అరిచినా చుక్క పోయదు. బోర్లించిన ముంతను బోర్లించిన ఆడమనిషే మళ్లీ నిలబెట్టాలి. అవ్వ కూడా ముట్టుకోదు.

"మీ అవ్వ బుద్ధిలో ఏమీ పెట్టుకునేది కాదమ్మా" అన్నాడు తాత. "గోడను సూసేది. గోడ ఏం చెప్తే అది. ఒగసారి పంచాయితీ ప్రెసిడెంటు ముంత బోర్లపడింది. ఆయప్ప మీసం దువ్వినాడు. మంగమ్మ గుగ్గిళ్ల దొప్ప సేతిలో పెట్టి, 'పోయి మీ ఆడామె కాళ్లు పట్టుకోప్పా, నా కాళ్లు యాల పట్టుకునేది?' అనె."

ఏ పుస్తకంలో చదివాను అత్తా ఇట్లాంటిది? ఎక్కడైనా తాగుడు అంగడంటే ఆడవాళ్లు తిట్టుకుంటూ దాటిపోయే చోటు. మన ఊళ్లో ఆ అంగడి తాళం ఆడవాళ్ల చేతిలో ఉండింది. ఆ పద్ధతి పెట్టింది మా అవ్వ. చదువు లేదు, సంతకం రాదు. గర్వంతో నాకు నిద్ర పట్టడం లేదంటే నమ్ము.

ఇంకా ఉంది. అవ్వ అంగడి మూసేశాక ఊళ్లోకి సారాయి కంట్రాక్టరు అంగడి వచ్చిందట. ప్యాకెట్లు. వాటికి గుర్తులు లేవు, బోర్లించడానికి వీల్లేదు. పన్నెండు పదమూడేళ్లు ఊరు నాశనమైంది. సారాయి వద్దని అన్ని ఊళ్లలో ఆడవాళ్లు లేచిన కాలంలో మన ఊరివాళ్లు కర్రలు పట్టలేదు, రాళ్లు వేయలేదు. ఇళ్లలో దాచుకున్న పాత ముంతలు తెచ్చి సారాయి అంగడి గడప ముందు వరసగా బోర్లించి పక్కన కూర్చున్నారు. మొదటిది అవ్వ పెట్టింది, రెండోది ఉషారాణి వాళ్లమ్మ చెంగమ్మ. లోపలికి పోవాలంటే ముంతల్ని దాటాలి. కంట్రాక్టరు మనుషులు కూడా కాలెత్తలేకపోయారట. "వాళ్లకూ ఇండ్లల్లో అమ్మలు ఉంటారు కదమ్మా" అన్నాడు తాత. నాలుగో రోజుకు అంగడి ఎత్తేశారు.

ఇప్పుడు పుంగనూరు రోడ్డు మీద మందు షాపుంది, కిటికీకి ఇనుప జాలీ వేసుకుని. ఆడవాళ్లు లోపలికి చెయ్యి చాపకుండానేమో అని అవ్వ అంగడి తెలిసినవాళ్లకు నవ్వొస్తుంది.

ఒక్కటే అర్థం కాలేదు. అంత బాగా నడిచిన అంగడిని అవ్వ ఎందుకు మూసింది? అడిగితే తాత ముఖం తిప్పుకున్నాడు. నువ్వు చెప్పు.

వసుధ

---

కుప్పం,
జూలై 30

వసుధకు,

కల్లంగడి అని ఎక్కడా అచ్చు వేయొద్దు. వేస్తే నేను ఆ ఊరి మొహం చూడను.

నీకు తెలియదు. మీ మామ వాళ్లదీ మన కులమే అయినా, చెట్టు గీయడం వదిలి రెండు తరాలైంది. మా మామగారు రైల్వే గ్యాంగులో చేరి, పిల్లల్ని చదివించి, చెట్టెక్కే మోకు ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి. కల్లంగడి ఉన్న ఇంట్లో పిల్లను చేసుకునేది లేదని ముందే కబురు పెట్టాడు. మధ్యవర్తి కాఫీ హోటలని చెప్పాడు. నేనూ అదే చెప్పాను. నలభై అయిదేళ్లుగా అదే చెబుతున్నాను. ఈత చెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు లోకులు. నేను కల్లు కుండ పక్కనే పుట్టి పెరిగి పాలని నమ్మించాను.

అమ్మ గొప్పది కాదని నేను అనడం లేదు. ఆ మనిషి గొప్పతనం నీకంటే నాకు తెలుసు. వదిలేయ్.

పార్వతమ్మ

---

మదనపల్లె,
ఆగస్టు 18

అత్తకు,

నీ ఉత్తరం చదివి వదిలేద్దామనే అనుకున్నాను. ఉషారాణితో చెప్పాను కూడా. ఆమె ఒప్పుకోలేదు. మంగమ్మవ్వ పేరు లేకపోతే పుస్తకమూ వద్దు, భవనానికి పేరూ వద్దంది. నీ పేరు రాయకుండా, నీ ఊరు రాయకుండా జాగ్రత్త పడతాను. అంతకంటే నా చేతిలో లేదు.

అంగడి మూసిన సంగతి దొరస్వామి తాత చివరికి చెప్పాడు. చెంగమ్మ బోర్లించిన ముంతను ఎవరో నిలబెట్టారట. అది నిలబడి ఉండటం చూసి మునెయ్య తాగాడు. ఆ రాత్రి జ్వరంతో ఉన్న పాపను ఆసుపత్రికి తీసుకుపోవడం ఆలస్యమై చెవి పోయింది. ఆ పాపే ఉషారాణి. ముంత నిలబెట్టింది తనేనని అవ్వ అందరి ముందూ ఒప్పుకుందట.

ఎన్నడూ తప్పు చేయని మనిషి ఎట్లా చేసిందని నేను అడిగాను. ఆ రోజు మంగమ్మ తాగి ఉండిందని ఊళ్లో అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటారు, అన్నాడు తాత.

నేను చరిత్ర రాస్తున్నాను, పొగడ్త కాదు. సాక్షి చెప్పింది రాయాలి. "మంగమ్మ ఒకనాడు మత్తులో చేసిన పొరపాటు వల్ల అంగడి మూతపడిందని పెద్దలు చెబుతారు" అని ఒక వాక్యం రాశాను. రాసి ఏడ్చాను. వచ్చే నెల పన్నెండున ప్రెస్సుకు ఇవ్వాలి. ఆ వాక్యం నిజమైతే ఏమీ రాయకు, అట్లాగే ఉంచుతాను. కాకపోతే చెప్పు.

వసుధ

---

కుప్పం,
ఆగస్టు 27

అమ్మా వసుధా,

కొట్టేయ్. ముందు ఆ వాక్యం కొట్టేసి తర్వాత ఇది చదువు.

మా అమ్మ జన్మలో కల్లు చుక్క నోట్లో పెట్టలేదు. పులిసిందో లేదో కుండ వాసన చూసి చెప్పేది, అంతే. పొద్దుటి కల్లు మధ్యాహ్నానికి పులుపెక్కితే పారబోసేదే కానీ పోసేది కాదు. ఎంతటివాడైనా రెండు ముంతలే. పరగడుపున వచ్చినవాడికి గుగ్గిళ్లు తినిపించాకే పోసేది. తాగి ఉండిందట! ఆ మాట అన్నవాడెవడో పేరు రాసి పంపు.

ముంత నిలబెట్టింది నేను.

నాకు పందొమ్మిదేళ్లు. కుప్పం వాళ్లు పెళ్లిచూపులకు వచ్చే రోజు. బస్సు దిగి మా ఇంటికి రావాలంటే అంగడి ముందునుంచే రావాలి. అమ్మ తెల్లవారుజాము నుంచీ ఇంట్లో వంట పనిలో ఉంది, అంగడి తట్టుకు పోలేదు. నేను వంట సామాను తెస్తానని చెప్పి వెళ్లి, నలభై ముంతలూ గంపలో సర్ది మంచం కింద దాచాను. కుండలు వెనక పాకలో పెట్టాను. కోమటాయన అంగట్లో అడిగి తెచ్చిన గాజు గ్లాసులు బల్లల మీద వరసగా పెట్టాను. పొయ్యి మీద కాఫీ గిన్నె.

ముంతలు తీసేటప్పుడు మూడు బోర్లా ఉన్నాయి. చూశాను. గుర్తుపెట్టుకుందామనే అనుకున్నాను. ఒకటి చేప, ఒకటి మూడు చుక్కలు, ఒకటి బండి చక్రం. నోట్లో రెండుసార్లు అనుకున్నాను కూడా.

వాళ్లు వచ్చారు, చూశారు, నచ్చానన్నారు. పొద్దు వాలకముందే పుంగనూరు బస్సెక్కారు. అమ్మ వచ్చేలోపల సర్దాలని పరుగెత్తుకుంటూ పోయి ముంతలన్నీ ఎవరి గుంటలో వాళ్లది పెట్టాను. చేపను బోర్లించాను. మూడు చుక్కలను బోర్లించాను. మూడోది నా బుర్రలో లేదు. సంతోషం, వసుధా. బుర్ర నిండా ఆ పిల్లవాడి ముఖమే ఉండింది. చక్రం నిలబెట్టేశాను.

చక్రం మునెయ్యది. ఎద్దుల బండి తోలేవాడు. నాలుగేళ్ల ఉషాకు ఆ పొద్దు తెల్లవారినప్పటినుంచీ జ్వరం. "సాయంత్రం బండి ఖాళీ కాంగానే నేరుగా ఇంటికి రా, పాపను మదనపల్లెకు తీసుకపోవల్ల" అని చెంగమ్మక్క మొగుడితో చెప్పింది. చెప్పినా నమ్మకం చాలక, ముంత బోర్లిస్తానని కూడా ఆయనతో అని, బోర్లించి పోయింది. మునెయ్య అంగడి ముందుకొచ్చి గోడ చూశాడు. తన ముంత నిలబడి ఉంది. ఆయన ఏమనుకున్నాడో తెలుసా? పాపకు జ్వరం దిగింది, అందుకే చెంగి వచ్చి ముంత నిలబెట్టి పోయింది అనుకున్నాడు. పాప బాగైందన్న సంతోషంతో తాగాడమ్మా ఆయన. గోడ అబద్ధం చెబుతుందని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఇంటికి పోయేసరికి ఆయనకు ఎద్దులు పూన్చే స్థితి లేదు. చెంగమ్మక్క పాపను చంకనేసుకుని రోడ్డు దాకా నడిచి, తెల్లవారి లారీ పట్టుకుని ఆసుపత్రికి చేరింది. మెదడుకు వచ్చిన జ్వరమన్నారు. ప్రాణం దక్కింది. ఎడమ చెవి పోయింది. ఒక పూట ముందు తెచ్చుంటే బాగుండేదన్నారట.

వారం తర్వాత చెంగమ్మక్క అంగడికి వచ్చింది. పదిమంది ఉన్నారు. "నేను బోర్లించిన ముంత ఎవురు నిలబెట్టినారు?" అని ఒక్కటే అడిగింది. అమ్మ నా వైపు చూసింది. నా ముఖంలో అంతా రాసి ఉంటుంది కదా. ఒక్క క్షణమే చూసి అటు తిరిగింది.

"నేనే చెంగమ్మా. తుడుస్తా తుడుస్తా పొరబాటున నిలబెట్టినా" అంది.

రాత్రి నేను కాళ్ల మీద పడ్డాను. పొద్దున్నే పోయి నిజం చెబుతానన్నాను. "నోరు ముయ్" అంది. "అంగడి నాది. అంగట్లో ఏం జరిగినా నాదే. నువ్వు పెండ్లి సేసుకోని పో." మరుసటి రోజే ఇంటింటికీ తిరిగి ఎవరి ముంత వాళ్లకు ఇచ్చేసింది. "గోడ మాట తప్పినాక అంగడి యాల" అంది. అంగడి లేని చోటికి సారాయి వచ్చింది. నా పెళ్లికి ఊరు ఇచ్చిన కట్నం అది అనుకో.

ఇన్నేళ్లూ ఆ ఊరికి పండగలకు పోలేదు, జాతరకు పోలేదు. అమ్మ పోయినప్పుడు పోయి, పదకొండో రోజు సాయంత్రం బస్సుకే వచ్చేశాను. సిగ్గు కల్లు వల్ల కాదు వసుధా. కల్లు పేరు చెప్పుకుని దీన్ని దాచుకున్నాను.

ఈ ఉత్తరం తీసుకుపోయి ఉషారాణికి చదివి వినిపించు. కుడి పక్కన కూర్చుని చదువు.

పార్వతమ్మ

---

మదనపల్లె,
సెప్టెంబరు 8

ప్రియమైన అత్తకు,

నిన్న వెళ్లాను. కుడి పక్కనే కూర్చున్నాను. రెండుచోట్ల ఆపేస్తే ఉషారాణే నీళ్లిచ్చి మళ్లీ చదవమంది. అయిపోయాక చీర కొంగు అంచు మడతపెట్టింది. నాకు భయమేసింది.

"మీ అత్త యాల మోసింది ఇన్నేండ్లు?" అంది. "మాయమ్మకు ఆ పొద్దే తెలుసు."

ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాస్తాను. చెంగమ్మ పోయేముందు కూతురితో అన్నదట: "మంగమ్మ గోడకాడికి పోతే సేతులు యెనక్కి కట్టుకోని పోతాది. ఇంగొకరి ముంత ముట్టే మనిషి కాదు. ఆయమ్మ 'నేనే' అంటానే కూతురి మొగం సూసినా. తెలిసిపాయ. ఒగ బిడ్డకు చెవి పాయ, ఇంగొగ బిడ్డకు పెండ్లి యాల పోవల్ల అని ఊరకుంటి."

అత్తా, ఆ రోజు అంగట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకోకుండా నిన్ను కాపాడారు. తాగిందన్న పుకారు చెంగమ్మ చెవిన పడినప్పుడల్లా అన్నవాణ్ని వీధిలో నిలబెట్టి కడిగేసేదట. పుకారు మాత్రం చావలేదు.

తర్వాత ఉషారాణి అటక మీదనుంచి ముంత దించింది. బండి చక్రం గుర్తు సున్నం పోయి గీతలే మిగిలాయి. అవ్వ ఇచ్చిపోయిన రోజునుంచీ అది బోర్లానే ఉందట. సారాయి అంగడి ముందూ బోర్లానే పెట్టింది, ఇంటికీ బోర్లానే తెచ్చుకుంది. కోపంతో కాదంది ఉషారాణి. "నిలబెట్టమని ఎవురూ అడగలా. అడగల్సిన మనిషి కుప్పంలో ఉండె."

పాత రాతి బల్లలు మూడూ భవనం గోడలో పెట్టేశారు. పాతవి పగిలిపోయిన ఇళ్లకు పలమనేరు కుమ్మరి చేత కొత్త ముంతలు చేయించి, దొరస్వామి తాత తలుచుకుని చెప్పిన గుర్తులు వేయించారు. ప్రారంభోత్సవం రోజు నువ్వు వస్తే, అందరి ముందూ చక్రం ముంతను తనే నిలబెడతానంది ఉషారాణి. "అంతటితో సరిపాయ అని చెప్పు మీ అత్తకు" అంది.

ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట ఏం రాయాలో నువ్వే చెప్పాలి. ప్రెస్సువాణ్ని ఆగమన్నాను. ఆదివారం, నవంబరు పదిహేడు. వస్తావు కదూ?

నీ వసుధ

---

కుప్పం,
నవంబరు 6

చిరంజీవి వసుధకు,

రెండు నెలలు జవాబు రాయలేదని ఫోన్ చేశావు, ఎత్తలేదు. కోపం తెచ్చుకోకు. ఇంట్లో ఒకరికి చెప్పుకునే ధైర్యం కూడగట్టుకుంటూ ఉన్నాను. నిన్న కుదిరింది.

మొదటి అనపకాయలు వచ్చాయి. మీ మామా నేనూ వరండాలో కూర్చుని వలుస్తున్నాం. చెప్పేశాను. మా అమ్మది కాఫీ హోటలు కాదు, కల్లంగడి అన్నాను. ఆయన వలవడం ఆపలేదు.

"నాకు పెండ్లిచూపుల పొద్దే తెలుసు కదా" అన్నాడు. "ఆ గుంటల్లో గాజు గ్లాసులు తాగినోళ్ల మాదిరి వంకరగా నిలబడుకోని ఉండె. కాఫీ హోటల్లో బల్లకు గుంటలు యాల? మా నాయనకు కండ్లు సరిగా ఆనవు, అది నీ అదృష్టం."

"మరి ఇన్నేండ్లు యాల అడగలేదు?" అన్నాను.

"నువ్వు అంత కష్టపడి సర్దిండావు. పాడు సేయడం ఎందుకులే అని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను. తర్వాత మిగతాది, ముంత సంగతి, ఉషా సంగతి చెప్పాను. అప్పుడు ఆయన వలవడం ఆపాడు. చేట పక్కన పెట్టి, "ఎప్పుడు పోదాం?" అన్నాడు. వర్షితకు కూడా చెప్పాను. ముత్తవ్వ అంగడి చూడాలని అది మాకంటే ముందు సంచి సర్దుకుంది.

ఇప్పుడు అసలు మాట. ఉషారాణి మనసు పెద్దది. వాళ్లమ్మ పోలికే. కానీ ఆ ముంతను నిలబెట్టొద్దని చెప్పు. బోర్లించిన మనిషే నిలబెట్టాలన్నది మా అమ్మ పద్ధతి. చెంగమ్మక్క లేదు. ఆ పద్ధతిని నా చెయ్యి ఒకసారి చెడగొట్టింది. నన్ను క్షమించడానికని ఇంకొకసారి చెడగొట్టొద్దు. ముప్పై తొమ్మిది నిలబడి ఉండనీ. అదొక్కటి బోర్లానే ఉండనీ. రేపు ఆ భవనంలోకి వచ్చే ఆడపిల్లలు అదెందుకు అట్లా ఉందని అడగాలి. అడిగినవాళ్లకు మా అమ్మ అంగడి కథ మొత్తం చెప్పాల్సి వస్తుంది.

నువ్వు కొట్టేసిన వాక్యం చోట ఇది వేయి: "చెంగమ్మ బోర్లించిన ఈ ముంతను నిలబెట్టింది మంగమ్మ కాదు. ఆమె కూతురు పార్వతమ్మ." ముంత కింద రాతి మీద కూడా అదే చెక్కించు. పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో. దొరస్వామి మామకు కళ్లు ఆనవు కాబట్టి ఆయనకు నేనే చదివి వినిపిస్తాను. ఊళ్లో ఎవరెవరు అమ్మను తాగిందన్నారో వాళ్లందరినీ ఆరోజు ముందు వరసలో కూర్చోబెట్టు.

ఉలవ గుగ్గిళ్లు నేను చేసుకుని తెస్తాను. అమ్మ చేసినట్టు నాకే వచ్చు.

పదహారో తేదీ పొద్దున బస్సుకు బయలుదేరుతాం. బస్టాపు దగ్గరికి నువ్వు రానక్కరలేదు. అంగడి దారి నాకు తెలుసు.

మంగమ్మ కూతురు,
పార్వతమ్మ